అత్తగారు ఎక్కిన ట్రామ్

సముద్రం అవతల ఒక మహానగరంలో ఆడ డ్రైవర్ల సభ జరుగుతుందనీ, ఇరవై ఏళ్లు ప్రమాదం లేకుండా బస్సు నడిపినందుకు ఆ ఇంటి కోడలిని పిలుస్తున్నామనీ, తోడుగా ఇంకొకరిని తెచ్చుకోవచ్చనీ ఉత్తరం వచ్చింది. ఇంట్లో అందరికంటే ముందు వెనకడుగు వేసింది ఆమె భర్త. మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడితేనే ఆయనకు కళ్లు తిరుగుతాయి. విమానం మాట వినగానే, "నాకు సెలవు దొరకదు," అన్నాడు. అడక్కుండానే దొరకదని ఎలా తెలిసిందో ఎవరూ రెట్టించలేదు.

"వాడు రాడులే. నేనొస్తా," అంది అత్తగారు, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

"మీరా అత్తయ్యా? పదకొండు గంటల ప్రయాణం."

"కూర్చోడమేగా! ఈ వయసులో నాకు కూర్చోడం కంటే బాగా వచ్చిన పనేముంది?"

అలా అత్తాకోడళ్లిద్దరూ బయల్దేరారు. సభ మూడు రోజులు జరిగింది. కోడలు పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేది. హోటల్లో వాళ్ల గది ఆరో అంతస్తులో ఉంది. రెండు మంచాలు, నీళ్లు కాచుకునే కెటిలూ పోగా నడవడానికి జానెడు చోటు మిగిలింది. కిటికీ మాత్రం నిలువెత్తుది. కింద వీధి మధ్య నుంచి పట్టాల మీద పసుపుపచ్చ ట్రాములు గంట కొట్టుకుంటూ పోయేవి. అత్తగారు కుర్చీని కిటికీకి ఆనించుకుని కూర్చుంటే భోజనం కూడా గుర్తొచ్చేది కాదు. సైకిళ్ల వరస, గోడల మీద మూడంతస్తుల ఎత్తు బొమ్మలు, వానొస్తే ఒక్కసారిగా విచ్చుకునే గొడుగులు, కూడలిలో వాయిద్యాలు వాయించేవాళ్లు, వాళ్ల ముందు సిగ్గులేకుండా గంతులేసే పెద్దమనుషులు. కోడలు రాగానే అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది.

నాలుగో రోజు సెలవు. ఇద్దరూ ఊరు చూడ్డానికి దిగారు. ట్రామ్ స్టాపులో జనం కిటకిటలాడుతున్నారు. బండి వచ్చి ఆగింది. ముందు ఎక్కినవాడిదే సీటన్నది అత్తగారు చిన్నప్పటి నుంచీ నమ్మిన సిద్ధాంతం. సందు చూసుకుని దూరిపోయింది. కోడలు ఎక్కబోతుంటే ఒక తల్లి చంటిపిల్ల బండిని పైకెత్తలేక అవస్థ పడుతోంది. అటు ఒక చెయ్యి వేసింది. పిల్ల బండి ఎక్కింది, తల్లి ఎక్కింది, తలుపులు మూసుకున్నాయి.

అద్దం వెనక అత్తగారు సీట్లో కూర్చుని, పక్క సీటు మీద సంచి పెట్టి, నవ్వుతూ చెయ్యి ఊపింది. రెండో తలుపు నుంచి ఎక్కిరా అని ఆ ఊపుడుకు అర్థం. ట్రామ్ కదిలింది.

కోడలు పరిగెత్తింది. ఇరవై ఏళ్లుగా బస్సు వెనక చేతులు ఊపుకుంటూ పరిగెత్తేవాళ్లను అద్దంలో చూసింది. ఇప్పుడు వాళ్లలో తనూ ఒకతె. రెండు వీధులు దాటేసరికి ట్రామ్ మలుపు తిరిగి మాయమైంది. అప్పుడు గుర్తొచ్చింది. ఫోను తన దగ్గరే ఉంది, హోటల్ చీటీ తన సంచిలోనే ఉంది. అత్తగారికి తెలుగు తప్ప వచ్చిందల్లా 'థ్యాంక్యూ' ఒక్కటే.

రొప్పుతూ నిలబడిన ఆమెను చూసి పూల దుకాణం మనిషి బయటికొచ్చాడు. ఆమె పట్టాలు చూపించి, ముసలావిడ నడక నడిచి చూపించి, రెండు చేతులూ గాల్లోకి ఎగరేసింది. అతనికి అర్థమైంది. తడి చేతులు గుడ్డకు తుడుచుకుని, దుకాణం వదిలేసి, కూడలిలో ఉన్న అద్దాల గది దాకా వెంటబెట్టుకుని వెళ్లాడు.

లోపల నీలం స్వెట్టరు వేసుకున్న లావుపాటి కంట్రోలరు ఉన్నాడు. ఏ ట్రామ్ ఎక్కడుందో అతని ముందున్న తెర మీద కదిలే చుక్కలు చెబుతున్నాయి. అతను తన ఫోను తీసి ఏదో మాట్లాడి ఆమె ముందు పెట్టాడు. ఫోను ఆ మాటల్ని తెలుగులోకి మార్చి పాతకాలపు పంతులుగారిలా పలికింది.

"భయపడవలదు. సమస్యను వివరింపుము."

"మా అత్తయ్య ట్రామెక్కి వెళ్లిపోయింది. ఆకుపచ్చ స్వెట్టరు, తెల్ల జుట్టు. చెవులు కాస్త మందం. మోకాళ్ల నొప్పులు," అని ఏకబిగిన చెప్పింది. వెతకడానికి మోకాళ్ల నొప్పులెందుకో ఆమెకే తెలియదు.

కంట్రోలరు మైకులో అందుకున్నాడు. ఒక గొంతు పలికింది, ఇంకో గొంతు పలికింది. మూడో గొంతు ఏదో చెప్పగానే అతను పొట్ట కదిలేలా నవ్వాడు. ఫోను గంభీరంగా అంది: "మీ వృద్ధ మహిళ పట్టుబడినది. ప్రస్తుతము తేనీరు సేవించుచున్నది."

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కుర్చీలో కూలబడింది.

"మీరు వాహన చోదకురాలా?" అంది ఫోను మళ్లీ.

ఆ మాట అర్థం కావడానికి క్షణం పట్టింది. "అవును, బస్సు. మీకెలా తెలుసు?"

"ఈ మార్గమున అందరికీ తెలిసినది."

కంట్రోలరు లేచి నిలబడి ఆమెకు చెయ్యి కలిపాడు. బయటికొచ్చి తర్వాతి ట్రామ్ ఆపి, డ్రైవరుతో చెప్పి ఎక్కించాడు. వెనక్కి చూస్తే పూల మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు; అంతా సర్దుకుందని తేలాకే దుకాణం వైపు తిరిగాడు.

లైను చివర డిపో ఉంది. విశ్రాంతి గదిలో అడుగు పెట్టగానే కోడలికి సొంత డిపోకు వచ్చినట్టే అనిపించింది. గోడ నిండా ఇనప అరలు, కొక్కేలకు తడి కోట్లు, డ్యూటీల పలక, మరకలు పడ్డ పొడవాటి బల్ల, గ్రీజు వాసన, మరీ మరిగిన టీ వాసన. ఆ బల్ల నడుమ, నలుగురు ఆడ డ్రైవర్ల మధ్య, అత్తగారు పెళ్లివారిలా కూర్చుని ఉంది.

"ఎక్కడికి పోయావే? నీకోసం పాపం వీళ్లంతా ఎంత కంగారు పడ్డారో తెలుసా!" అంది కోడల్ని చూడగానే.

"నేనా? నేను పోయానా అత్తయ్యా?"

"మరి? నేను ట్రామ్‌లోనే ఉన్నాగా! ఎక్కందానివి నువ్వు."

ట్రామ్ నడిపిన మనిషి పొడుగ్గా ఉంది, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. జరిగింది తన ఫోను ద్వారా తెలుగులో చెప్పింది. చివరి స్టాపులో అందరూ దిగినా ఈవిడ దిగలేదట. తను వెళ్లి భుజం తడితే పర్సులోంచి ఒక ఫొటో తీసి చూపించి, గాల్లో స్టీరింగు తిప్పిందట. తన ట్రామ్‌కు స్టీరింగే లేదు కాబట్టి మొదట అర్థం కాలేదట. తర్వాత ఫొటో చూసి, మనలాంటి డ్రైవరు ఇంటి మనిషి నా దగ్గర ఉందని అందరికీ రేడియోలో చెప్పిందట.

ఫొటో బల్ల మీద ఉంది. కోడలు చేతిలోకి తీసుకుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు అది. ఖాకీ చొక్కా మెడ దగ్గర ఒక గుండీ తప్పు కాజాలో ఉంది. భయంతో బిగుసుకుపోయిన మొహం. అంచులు అరిగిపోయాయి.

"ఇది మీ దగ్గర ఎందుకుంది?"

"నా పర్సు, నా ఇష్టం," అంది అత్తగారు. మళ్లీ తనే, "బ్యాంకుకెళ్లినా, ఆసుపత్రికెళ్లినా, మీ కోడలేం చేస్తుందండీ అంటారు. బస్సు నడుపుతుందంటే టికెట్లు కొడుతుందా అంటారు. నోటితో చెప్తే నమ్మరే," అంది.

కోడలు ఫొటో బల్ల మీద పెట్టింది. టీ కప్పు అందుకుని మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్నామె ఆ కప్పులో ఇంకాస్త టీ పోసింది.

కొత్తవాళ్లకు నేర్పడానికి డిపో వెనక కాస్త పట్టా, ఒక పాత ట్రామ్ ఉన్నాయి. నడుపుతావా అని అడిగారు. శిక్షణ ఇచ్చే పెద్దావిడ పక్కన నిలబడింది. స్టీరింగు లేదు, క్లచ్చి లేదు, ఎడమ చేతి కింద ఒక్క పిడి. ముందుకు తోస్తే కదులుతుంది, వెనక్కి లాగితే ఆగుతుంది, వదిలేస్తే తనంతట తనే ఆగిపోతుంది. కోడలి కుడి చెయ్యి లేని గేరు కోసం రెండుసార్లు వెతికింది. డ్రైవర్లంతా పగలబడి నవ్వారు, వాళ్లు బస్సు నడపబోయినా అంతేనట.

అత్తగారు వెనక మొదటి సీట్లో కూర్చుంది. అప్పుడే కోడలికి ఒక సంగతి తట్టింది.

"అత్తయ్యా, మీరెప్పుడైనా నా బస్సు ఎక్కారా?"

"ఎప్పుడెక్కనూ? నువ్వు డ్యూటీలో ఉంటే నేను పిల్లల దగ్గర. వాళ్లు పెద్దయ్యేసరికి ఆ బస్సు మెట్టు నా మోకాళ్లకు అందలేదు." ఆమె సంచి ఒళ్లో సర్దుకుంది. "ఊఁ, ఇప్పుడెక్కాగా. రైట్, రైట్!"

అర్థం కాకపోయినా అందరూ "రైట్, రైట్" అని అరిచారు. కోడలు పిడిని తోసింది. బండి కుదుపు లేకుండా కదిలింది. ఆ వంద గజాలూ ఆమె ఎంత జాగ్రత్తగా నడిపిందంటే, నిండు బస్సుతో ఘాటు రోడ్డు దిగేటప్పుడు కూడా అంత జాగ్రత్త పడలేదు. ఆపాక శిక్షకురాలు ఆమె వీపు తట్టింది.

సెలవు తీసుకునేటప్పుడు కోడలు ఫోనులో, "మా అత్తయ్యను మీ ఇంటి మనిషిలా చూసుకున్నారు. ఈ మేలు మర్చిపోలేను," అంది. పొడుగాటి డ్రైవరు జవాబిచ్చింది. "ఇది మా కర్తవ్యము," అంది ఫోను. ఆ ముక్క ఎంత పొడిగా వినబడిందో వీళ్ల మొహాలే చెప్పాయి. డ్రైవరు తల అడ్డంగా ఊపి, ఫోను జేబులో పడేసి, అత్తాకోడళ్లిద్దరినీ కలిపి కౌగిలించుకుంది.

తిరుగు ట్రామ్‌లో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. ఎండ తిరిగి వీధులన్నీ మెరుస్తున్నాయి. కొంత దూరం పోయాక కోడలు నెమ్మదిగా అంది.

"ఆ రోజు పిల్లల్ని నేను చూస్తాలే అని మీరు అనకపోతే, నేను ఆ ఉద్యోగంలో చేరేదాన్నే కాదు అత్తయ్యా."

"ఇప్పుడెందుకే అవన్నీ?"

"ఎప్పుడూ చెప్పలేదుగా."

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. కోడలి చెయ్యి మాత్రం తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా బోలెడు పొద్దుంది," అంది చివరికి. "దిగి కాసేపు నడుద్దామే. ఈ ఊరు నాకు భలే నచ్చింది."