టేపక్క కడుపుమంట

ఉదయం ఆరు కాగానే టేపక్క పెరట్లోకి దిగేది. వృత్తి బట్టలు కుట్టడం. మెడలో వేలాడే కొలత టేపు బట్టకూ మొక్కకూ ఒకటే. వంగ మొక్కల మధ్య దూరం రెండడుగులు. రెండంగుళాలు తగ్గినా పీకి మళ్ళీ నాటేది. వీధిలో ఆమెకా పేరు అలా వచ్చింది.

ఆమె ఏ మొక్కనూ తోచినచోట పెట్టలేదు. ఏ మూల ఎన్ని గంటలు ఎండ ఉంటుందో గోడమీద సుద్దముక్కతో గీసి పెట్టుకుంది. నిమ్మకు ఆరు గంటలు, ఆకుకూరలకు నాలుగు. పుదీనాకు కుండీయే గతి. నేలమీద వదిలితే అది పిలవని చుట్టంలా ఇల్లంతా తనదే అంటుంది. ఇంత చేసినా ఆమె పెరడు బొటాబొటి మార్కులతో గట్టెక్కే విద్యార్థిలా ఉండేది. చావదు, మెరవదు.

నడుమెత్తు గోడకు అవతల తమ్ముడి ఇల్లు. గడియారాలు బాగుచేస్తాడు. అతని భార్య, అంటే టేపక్కకు మరదలు, మొక్కల విషయంలో పరమ అమాయకురాలు. నిమ్మను నీడలో పెట్టింది. పుదీనాను నేలమీదికి వదిలింది. టమాటాలను బస్సులో జనంలా కుక్కి నాటింది. మిట్టమధ్యాహ్నం గుర్తొస్తే నీళ్ళు పోసేది, లేకపోతే లేదు. ఆ పెరట్లో టమాటాలు పిడికిలంత కాసేవి. నిమ్మకొమ్మలు బరువుకు నేల చూసేవి. పుదీనా సైతం గీసిన గీత దాటకుండా గుట్టుగా పెరిగేది.

కారణం అందరికీ తెలిసిందే. టేపక్క దేన్ని చూసి అసూయపడితే అది వృద్ధిలోకి వస్తుంది. చిన్ననాటినుంచీ అంతే. తన మొక్కలను చూసి తానే అసూయపడటం ఎవరివల్లా కాదు గనుక, ఆమె పెరడు ఆమె శ్రమ మేరకే పెరిగేది.

వీధివాళ్ళు ఈ సంగతిని దాచుకోలేదు, వాడుకున్నారు. సెలూన్ తెరిచినాయన మొదటిరోజే ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. "అమ్మా, రెండు నిమిషాలు కూర్చుని కాస్త కుళ్ళుకుని వెళ్ళండి" అన్నాడు.

"నీ అద్దాలతో నాకేం పనయ్యా?" అంది టేపక్క. కానీ ఆమె కుట్టు గదిలో ఉన్నది జానెడు అద్దం, అదీ బీటలు వారినది. నిలువుటద్దం మీదినుంచి ఆమె చూపు వెంటనే మళ్ళలేదు. ఆరు నెలల్లో సెలూన్‌లో రెండో కుర్చీ పడింది.

గోడ దగ్గర వదినామరదళ్ళ సంభాషణ పదకొండేళ్ళుగా ఒకే తీరున సాగింది.

"ఏమే, నిమ్మ నీడలో పెట్టకు, కాయదని చెప్పానా లేదా?"

"చెప్పారు వదినా. కాసింది. ఒక బుట్ట పంపించనా?"

"నీ బుట్ట నువ్వే ఊరేసుకో. టమాటా ఆకులమీద ఆ నీళ్ళేమిటి? మొదట్లో పొయ్యాలి. ఆకు తడిస్తే తెగులు."

"మీరుండగా తెగులొచ్చే ధైర్యం దానికెక్కడిది? పుణ్యముంటుంది, ఓసారి ఇటు చూడండి. చిక్కుడు తీగ నిన్నటినుంచి డీలాగా ఉంది."

"చచ్చినా చూడను" అని టేపక్క చూసేది. మర్నాటికి తీగ పందిరెక్కేది.

అన్నిటికంటే ఆమెను బాధించినది నర్సరీ ఆయన మాట. నారు కొనడానికి వెళ్ళినప్పుడల్లా, "మీ మరదలుగారి హస్తవాసే వేరు" అనేవాడు. ఆ పచ్చదనం ఎవరి చూపువల్ల వచ్చిందో గుర్తు చేస్తే, "చూపు మీదే కావచ్చు, కాదనను. నాటిన చెయ్యి ఆవిడది కదమ్మా" అని నవ్వేవాడు. టేపక్క నారు కట్ట విప్పి ఒక్కో మొక్కనూ పరీక్షించేది. ఇంటికి వచ్చాక ఆ పూట కుట్టు మిషను చప్పుడు వీధి చివరికి వినిపించేది.

ఆ ఏడు వానలు ఆలస్యమైన రోజుల్లో మరదలికి జ్వరం పట్టుకుంది. మూడు వారాలకు జ్వరం పోయింది గాని, పోతూ పోతూ మనిషిని కూడా సగం పట్టుకుపోయింది. అన్నం నోట పెడితే తల తిప్పేసేది. డాక్టరు నాడి చూసి, తమ్ముణ్ణి వరండాలోకి తీసుకెళ్ళాడు.

"మందు చేయవలసిందంతా చేసింది. తిండి లోపలికి పోవాలి, ఒళ్ళు పుంజుకోవాలి. ఇలాగే ఉంటే నెల గడవడం కష్టం."

తమ్ముడు నేరుగా అక్క మిషను దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఒక్కసారి వచ్చి దాన్ని చూడు."

"పూటపూటా చూస్తూనే ఉన్నాను కదరా."

"ఆ చూపు కాదు. నీ రెండో చూపు."

మిషను ఆగింది. "అడిగితే వచ్చేదట్రా అది? తుమ్ములాంటిది. రమ్మంటే రాదు, వద్దంటే ఆగదు."

అయినా వెళ్ళింది. తమ్ముడు తనకు తోచిన ఏర్పాట్లు చేశాడు. భార్యకు కొత్త రాళ్ళ దుద్దులు పెట్టాడు. అక్క చూస్తుండగా ఆమె తల దువ్వాడు, దిండు సర్దాడు, ఎన్నడూ లేనిది "బంగారం" అని కూడా పిలిచాడు. టేపక్క శాయశక్తులా ప్రయత్నించింది. ఆమెకు కనిపించింది దుద్దుల బరువుకు సాగిపోతున్న చెవి తమ్మె. దువ్వెనకు చుట్టుకుని వచ్చిన జుట్టు. కళ్ళ నీళ్ళు తిరిగి మొహం పక్కకు తిప్పుకుంది.

"ఊరుకోండి వదినా" అంది మరదలు, గొంతు పెగుల్చుకుని. "నన్ను చూసి కుళ్ళుకోవడానికి ఇంకేం మిగిలిందని?"

జాలివల్ల ఏదీ పెరగదు. గోడ మీదుగా చూసినప్పుడు కూడా టేపక్కకు ఇప్పుడు జాలే కలిగేది. పది రోజుల్లో చిక్కుడు ఆకు పసుపు తిరిగింది, నిమ్మ పిందె రాల్చింది, టమాటాకు రావలసిన తెగుళ్ళన్నీ వరసగా వచ్చాయి. పదకొండేళ్ళలో మొదటిసారి ఇవతలి పెరడే మెరుగ్గా కనిపించింది. టేపక్క దానికేసి చూడలేదు. పూటపూటా జావ కాచి గోడ చుట్టూ తిరిగి తీసుకెళ్ళేది. పూటపూటా గిన్నె నిండుగానే తిరిగి తెచ్చేది.

ఒక సాయంత్రం నర్సరీ ఆయన పరామర్శకు వచ్చాడు. కాసేపు ఆరోగ్యం గురించి మాట్లాడి, మొహమాటపడుతూనే జేబులోంచి కాగితం తీశాడు.

"అమ్మగారూ, పెరట్లో ఏం నాటాలి, ఎలా నాటాలి అని రోజుకు పదిమంది అడుగుతారు. గేటు దగ్గర ఒక బోర్డు పెట్టిద్దామని ఉంది. నేను చెబితే అమ్ముకోవడానికంటున్నాననుకుంటారు. మీరు నాలుగు మాటలు చెబితే మీ పేరుతో రాయిస్తాను. ఓపిక ఉంటేనే సుమండీ."

టేపక్క జావ గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. మరదలు దిండుకు ఆనుకుని కాస్త లేచి కూర్చుంది.

"రాసుకోండి. పూలు చూసి మొక్క కొనకూడదు. కుండీ ఎత్తి అడుగు చూడాలి. వేళ్ళు బయటికొచ్చి చుట్లు చుట్టుకుని ఉంటే ఆ కుండీ అక్కడే దింపేసి రావాలి."

"నా వ్యాపారానికి దెబ్బే గాని, రాస్తాను."

"నిమ్మ పెట్టేముందు గుంట తీసి నీళ్ళు పొయ్యాలి. గంటలో ఇంకకపోతే చోటు మార్చాలి. ఆరు గంటల ఎండ ఉండాలి. నీడలో పెట్టడం బుద్ధి తక్కువ పని."

గుమ్మంలో గిన్నె కొద్దిగా ఒలికింది.

"వంగ తీసిన చోట టమాటా వద్దు. రెండూ ఒక్క గూటి పక్షులే, ఒకదాని జబ్బు ఇంకోదానికి తగులుకుంటుంది. చిక్కుడు వేస్తే నేల కోలుకుంటుంది. కూరమొక్కల మధ్య అక్కడక్కడ బంతి ఉండాలి. నీళ్ళు పొద్దున్నే, మొదట్లోనే. ఆకు తడిస్తే తెగులు."

"ఆహా!" అన్నాడు నర్సరీ ఆయన. "హస్తవాసి ఒక్కటే అనుకున్నాను. ఇంత విషయం కూడా ఉందన్నమాట! ఎవరు నేర్పారమ్మా ఇవన్నీ?"

మరదలు గుమ్మంకేసి ఒక్క క్షణం చూసింది.

"ఒకరు నేర్పేదేముందండీ? చేసి చేసి తెలుసుకున్నవే."

ఒక్కో మాట వెనక టేపక్క పెరట్లో చచ్చిన మొక్క ఒకటి ఉంది. గుంటలో నీళ్ళ సంగతి తెలియక ముందు రెండు నిమ్మలు కుళ్ళిపోయాయి. బంతి సంగతి తెలిసేసరికి మూడేళ్ళు పట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ నర్సరీ గేటులో పెట్టిన అడుగులకు లెక్కలేదు. ఒక్కరోజైనా అతడు ఆమెను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు మంచం మీద ఉన్నది, ఏ విత్తనం ఏ వైపు పాతాలో తెలియనిది, చెబుతోంది. అతడు పెన్సిల్ తడుపుకుని మరీ రాసుకుంటున్నాడు. టేపక్కకు పొత్తికడుపులో మొదలైన మంట గొంతుదాకా ఎగబాకింది. ఆమె మరదలిని తల నుంచి పాదాలదాకా, పాదాల నుంచి మళ్ళీ తలదాకా చూసింది. దుద్దులు చూడలేదు, ఎముకలు చూడలేదు. ఆ మాటలు పలుకుతున్న నోరొక్కటే చూసింది.

మరదలి పెదవులకు రంగు వచ్చింది. ఆమె చెయ్యి చాచింది.

"వదినా, ఆ గిన్నె ఇలా ఇవ్వండి. ఒలకబోసింది చాలు."

తాగింది. ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. ఇంకో గిన్నె ఉందా అని అడిగింది. తమ్ముడు వంటింట్లోకి పరుగెత్తాడు. నర్సరీ ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బోర్డుకు ఏ రంగు బాగుంటుందని అడిగాడు. ఆకుపచ్చ అంది మరదలు.

నెల తిరిగేసరికి ఆమె పెరట్లో తిరుగుతోంది. నర్సరీ గేటు దగ్గర 'హస్తవాసి అమ్మగారి పెరటి మాటలు' అన్న బోర్డు వెలిసింది. కింద ఆమె పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. గోడకు ఇవతల మాత్రం మాట పలుకు లేదు. చివరికి మరదలే గోడ దగ్గరికి వచ్చింది.

"వదినా, ఎన్నాళ్ళీ మౌనవ్రతం? అవన్నీ మీ మాటలే. పదకొండేళ్ళు తిట్లతో కలిపి వింటే కంఠతా వచ్చాయి. రేపు నేనే వెళ్ళి నా పేరు చెరిపించి మీ పేరు రాయిస్తాను."

టేపక్క వంగ నారు మధ్య టేపు పరిచి చూసుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఆ బోర్డు జోలికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"అదేమిటి? మీవే కదా!"

"నావేనని నువ్వొచ్చి చెప్పాలా? రంగు వెలిసినప్పుడల్లా కొత్తగా వేయించమను. నీ పేరే. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించినా నష్టం లేదు." ఒక మొక్క పీకి అంగుళం ఎడంగా నాటింది. "లోపలికి పో. ఎండలో నిలబడకు."

దారపు కండెలు అమ్మే దుకాణం ఆమె ఇంటికి ఎడమవైపు, నాలుగడుగుల దూరం. ఆనాటినుంచి టేపక్క వారానికొకసారి కుడివైపు బయలుదేరి, మైలు చుట్టు తిరిగి అక్కడికి వెళ్ళేది. దారిలో నర్సరీ గేటు ముందు ఆగి, బోర్డును మొదటినుంచి చివరిదాకా, కింద పేరుతో సహా, నింపాదిగా చదివేది. మంట రాజుకుంటే కదిలేది. ఏ రోజైనా రాజుకోకపోతే, మళ్ళీ మొదటినుంచి చదివేది.