ముప్పైకి మూడు మార్కులు

ముప్పైకి మూడు! మా ఎల్వా పెద్దమ్మకు, ఈ ఎడారి ఊరికి విమానంలో వచ్చిన డాక్టరమ్మ వేసిన మార్కులవి. మతిమరుపు బాగా ముదిరిందట, ఒంటరిగా ఉంచకూడదట, నాలుగు వందల కిలోమీటర్ల అవతల పట్నంలో వృద్ధాశ్రమానికి పంపాలట. కాగితం చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? పెద్దమ్మ సొంత అక్క ఆ ఆశ్రమంలోనే, కూతుళ్ళను కూడా గుర్తుపట్టని స్థితిలో పోయింది. "మన ఊళ్ళో ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదు" అని మంగళవారం నడక మొదలుపెట్టింది పెద్దమ్మే. వారం వారం తొమ్మిది మంది ముసలమ్మలు గునపాలు పట్టుకుని, ముల్గా అనే ఎడారి తుమ్మల్లోకి, పొట్టలో తేనె దాచుకునే తేనెచీమలు తవ్వడానికి పోతారు. ముందు క్లినిక్ తరఫున నేను బీపీ, షుగరు, చెవులు చూస్తాను. దారంతా నీటిగుంటల పాట. ఒక్క గుంట పేరు తప్పితే పెద్దమ్మ ఊరుకోదు, మళ్ళీ మొదటినుంచి పాడిస్తుంది. అలాంటి మనిషికి మూడు మార్కులా!

నేను వెళ్ళేసరికి తన ఇంటిముందు ఇసుకలో కూర్చుని కుక్కల్ని తిడుతోంది.

"పెద్దమ్మా, డాక్టరమ్మ అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావట. ఏమైంది నీకు?"

ముఖం పక్కకు తిప్పుకుంది. నోటితో చెప్పలేదు, చేత్తో సైగ చేసింది. మా ఆడవాళ్ళ చేతిమాటలో అది అల్లుడి సైగ.

అప్పుడు అర్థమైంది నాకు. మా చెల్లెలి మొగుడు క్లైవ్ పట్నంలో దుబాసీ. ఆ రోజు ఫోనులో మా మాటను డాక్టరమ్మకు ఇంగ్లీషులో చెప్పడానికి వచ్చింది అతనే. పెద్దమ్మకు అల్లుడి వరస. మా ఆచారంలో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, ఒకరి చెవిన ఒకరి మాట పడకూడదు. ఇవతల ఉన్నది ఎవరో అతనికి చెప్పలేదు, రోగి పేరు బయటపెట్టకూడదని నిబంధన. ఆ గొంతు వినగానే పెద్దమ్మ టోపీ ముఖం మీదికి లాక్కుని బిగుసుకుపోయిందన్నమాట.

ఆ ఫోను కుదిర్చింది ఎవరనుకున్నారు? నేనే! ఇక్కడే పుట్టి, క్లినిక్‌లో ఇరవై ఏళ్ళు పనిచేసి, "ఇవాళ ఎవరు మాట్లాడతారు?" అని ఒక్క ముక్క అడగలేదు. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

"నాకైనా చెప్పొచ్చు కదా!"

"సిగ్గుండక్కర్లేదటే, నోరీన్? పట్నం పొమ్మంటే పోతాను గానీ, అల్లుడి ముందు నోరు విప్పుతానా?"

మంగళవారం డాక్టరమ్మ మళ్ళీ దిగింది. ఎదురెళ్ళి జరిగింది చెప్పి, "పరీక్ష మళ్ళీ పెట్టండి. తేనెచీమల దగ్గర, మా పద్ధతిలో" అన్నాను.

"నువ్వు బంధువువి. నువ్వు చెప్తే చెల్లదు."

"ఈ ఊళ్ళో బంధువు కానివాళ్ళని చూపించండి! అంతా రికార్డు చేస్తాను. పట్నంలో ఆడ దుబాసీ ఎవరికైనా వినిపించండి. ఒక్క మాట తేడా వస్తే నా ఉద్యోగం తీసేయండి."

ఆమె మాతోపాటు బండెక్కింది.

తేనెచీమల దగ్గర డాక్టరమ్మ గునపం, ఎర్ర కండువా, పొగాకు డబ్బా పెద్దమ్మకు చూపించి దాచేసింది. తర్వాత మా పద్ధతి ప్రశ్నలు, నేనే అడిగాను. ఈ జాడ దేనిది? ఆ పొగ ఏ దిక్కున, ఎవరు పెట్టారు? పెద్దమ్మ తవ్వుతూనే తడుముకోకుండా చెప్పేసింది. తారీఖు దగ్గర మాత్రం విసుక్కుంది.

"మంగళవారమని తెలుసు, చాలదా?"

"ఇందాక దాచినవి ఏమిటి?"

"గునపం, కండువా, డబ్బా. డబ్బాలో పొగాకు లేదు, అది కూడా రాసుకోమను!"

ముసలమ్మలు పకపకా నవ్వారు. ఆఖరికి నీటిగుంటల పాట, బయటివాళ్ళకు దాచాల్సింది కాదు, అందరూ వినదగ్గదే. పదహారు గుంటలు, వరస తప్పకుండా. మిగతా ఎనిమిదిమందీ గొంతు కలిపారు. డాక్టరమ్మ రాయడం మానేసి వింటూ కూర్చుంది.

ముప్పైకి ఇరవై ఎనిమిది! నేను కేక పెట్టాను. పెద్దమ్మ ఆ రెండు మార్కుల కోసం పోట్లాటకు దిగింది.

డాక్టరమ్మ పట్నంలో వినిపించడానికి రికార్డు సంచీలో వేసుకుని, కొత్త కాగితం తీసి, నేను చెప్పినట్టే, అన్ని ప్రశ్నలకన్నా ముందు ఒక ప్రశ్న రాసింది: "గదిలో గానీ ఫోనులో గానీ మీరు మాట్లాడకూడని వరసవాళ్ళు ఉన్నారా?" వృద్ధాశ్రమానికి పంపమన్న పాత కాగితాన్ని పెద్దమ్మ చేతికే ఇచ్చింది.

"తప్పు జరిగింది, క్షమించమని చెప్పు."

పెద్దమ్మ దాన్ని ఉండచుట్టి టీ కాచే మంటలో పడేసింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడుపెందుకే పిచ్చిదానా! నేనెక్కడికీ పోవట్లేదుగా. ఆ డాక్టరమ్మకో గునపం ఇవ్వు, ఊరికే కూర్చుంటే దాని బుర్రకు తుప్పు పడుతుంది."