తలెత్తినామె

రాతి శిల్పాలకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో ఆడపిల్లలు ఉలి పట్టడం తక్కువ. శిల్పి బాబ్జాన్ కూతురు సల్మా మాత్రం చిన్నప్పటి నుంచీ పట్టింది. ఆమె పనితనం విని, నంద్యాల కాలేజీలో చరిత్ర చెప్పే ఎలిజబెత్ వెతుక్కుంటూ వచ్చింది. కాలేజీ హాల్లో పెట్టడానికి ఒక రాతి పలక కావాలంది. ఫోన్‌లో బొమ్మ చూపించింది.

"రెండొందల ఏండ్ల కింద బ్రెజిల్‌కు పోయిన తెల్లదొర గీసినాడు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులను సంతలో అమ్ముతాండారు."

సల్మా బొమ్మను పెద్దది చేసి చూసింది. కొనేవాడి టోపీ, చేతికర్ర, కుర్చీ కోళ్ల మీది నగిషీ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. నేల మీద బిడ్డతో కూర్చున్న ఆమెది వీపు మాత్రమే కనిపిస్తోంది.

"ఈయమ్మ మొగమేదీ మేడమ్?"

"గీయలేదు. అయినా ఆయన గీయకుంటే ఈ ఘోరం మన పిల్లలకు కండ్లారా తెలిసేది కాదు."

"సాక్ష్యం ఆయనదే, కాదనను. చూపు కూడా ఆయనదే కావాల్నా?"

ఎలిజబెత్ ఆ బొమ్మను మళ్లీ చూసింది. తర్వాత ఆఫ్రికా ఆడవాళ్ల పాత ఫొటోలు ఏరి పంపింది. సల్మా వాటిని చూసుకుంటూ నల్లరాతి మీద బొమ్మలోని ఆమెను ఇటు తిప్పింది. బిడ్డను రొమ్ముకు అదుముకుని, తలెత్తి, ఎదుటివాళ్లను సూటిగా చూస్తున్నట్టు చెక్కింది.

పని చూడటానికొచ్చిన ప్రిన్సిపాల్ మొహం చిట్లించాడు. "బొమ్మలో ఉన్నట్టే చెక్కమంటిమి కదా!"

బాబ్జాన్ కంగారుపడి, "సార్ చెప్పినట్టు చేసియ్యమ్మా," అన్నాడు.

"ఆమె ఇటు తిరిగిందబ్బా. మల్లా వీపు తిప్పమని నేను చెప్పలేను," అంది సల్మా తండ్రితో.

ఎలిజబెత్ ముందుకొచ్చింది. "దొర బొమ్మ కూడా పక్కనే పెడదాం సార్. ఆయన చూసిందేదో, సల్మా ఊహించిందేదో కింద రాద్దాం. పిల్లలే చూసుకుంటారు."

ప్రిన్సిపాల్ పలక ముందు చాలాసేపు నిలబడి, సరేనన్నాడు.

పలక ఆవిష్కరించిన రోజు పిల్లలు దొర బొమ్మ చూసి, పలక దగ్గరికొచ్చి, ఆమె మొహంలోకి చూశారు. ఒకమ్మాయి, "ఈమె పేరేంది?" అని అడిగింది.

"ఎవురూ రాసుకోలేదు," అంది సల్మా. "అందుకే మొగమన్నా ఉండాలనుకున్నా."

ఎన్నో విగ్రహాలు చెక్కి, ఒక్కదాని మీదా తన పేరు చూసుకోని బాబ్జాన్, పలక కింద 'శిల్పి సల్మా, ఆళ్లగడ్డ' అన్న అక్షరాలను వేలితో తడిమాడు. లోపలికొచ్చిన ప్రతివాళ్లకూ, "నా బిడ్డ చెక్కింది," అని చెప్పాడు.

"ఆళ్లగడ్డ బస్సు పోతాందబ్బా," అంది సల్మా.

"పోనీలేమ్మా. ఇంకోటి వస్తాది. ఇంకా జనం వస్తాండారు."