మౌనయోగి కుంభకం

నర్సీపట్నంలో యాజులుగారి జంధ్యం చెవి దిగడం మానేసి నెల దాటింది.

మరేం లేదు. ఆ ఇంటి ఆచారం ప్రకారం లఘుశంకకి వెళ్లేటప్పుడు జంధ్యం కుడిచెవికి చుట్టుకోవాలి. చుట్టుకున్నాక నోరు విప్పకూడదు. పని కానిచ్చి, కాళ్లు కడుక్కుని, నోరు పుక్కిలించి, అప్పుడు దించాలి. సబ్‌రిజిస్ట్రారాఫీసులో గుమాస్తాగా రిటైరైన యాజులుగారికి వచ్చిన చిక్కల్లా ఏవిటంటే, కాళ్లు కడుక్కునేలోపే మళ్లీ వెళ్లాలనిపించేది. వెళ్తే రాదు. దొడ్డిగోడకేసి తిరిగి, యలమంచిలి బస్సు కోసం చూసినట్టు నిలబడి చూడ్డమే. వచ్చినా చుక్కా చుక్కా. దించడం, చుట్టడం, దించడం, చుట్టడం, చెయ్యి నొప్పెట్టి ఆఖరికి దించడం మానేశారు. దించలేదు గనక మాటాడ్డమూ మానేశారు.

భార్య బాలాంబగారికి మొదట్లో ఇది హాయిగానే ఉంది. కూరలో ఉప్పు గురించి వ్యాఖ్యానం వినకుండా వడ్డించడం ఆవిడకి పెళ్లయ్యాక అదే మొదలు.

"ఏటమ్మా, పంతులుగారు మాటాడ్డం నేదు? కోపవేటి?" అనడిగింది పాలుపోసే సోమలమ్మ.

"కోపం కాదే, మౌనం," అన్నారు బాలాంబగారు, గొప్పగా.

ఆ మాట గోడ దాటి పక్కింటి సోమసుందరం మేష్టారి చెవినిపడింది. "రక్తంలో ఉందండీ! తండ్రిగారు మౌనయోగి. కొడుకు ఊరికే పోతాడా?" అని మేష్టారు వీధి వీధంతా చెప్పొచ్చారు.

తండ్రిగారంటే రామచంద్రమూర్తిగారు. పోయేముందు ఏడాదంతా ఆయనా ఇలాగే జంధ్యం చెవినేసుకుని, మాటా పలుకూ లేకుండా తిరిగారు. ఆఖర్న పొట్ట బిగిసిపోయి కూచుంటే, యోగంలో ఊపిరి బిగబట్టి కుంభకం పట్టారని ఊళ్లోవాళ్లొచ్చి కొబ్బరికాయలు కొట్టారు. హాల్లో ఆయన ఫొటో, దండ, కింద పెయింటుతో ‘మౌనయోగి’ అని. ఏటా తద్దినం అయ్యాక సాయంత్రం మేష్టారి ఆధ్వర్యంలో భజన. మధ్యతరగతి ఇంట్లో స్కూటరు లేకపోయినా పర్లేదు, ఫ్రిజ్జు లేకపోయినా పర్లేదు. చచ్చిపోయిన యోగి ఒకడుంటే వీధిలో ఆ గౌరవమే వేరు.

ఆ యోగి ఈమధ్య దొడ్లో కనిపిస్తున్నారు.

మొదటిసారి మిట్టమధ్యాహ్నం. యాజులుగారు గోడకేసి నిలబడి ఉండగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తండ్రిగారూ గోడకేసే నిలబడి ఉన్నారు. అదే ముతక పంచె. జంధ్యం చెవికి. మొహం ఇటు తిప్పరు. కేకేసి పరిగెడదామంటే యాజులుగారికి పని సగంలో ఉంది. నిజం చెప్పాలంటే మొదలే కాలేదు. అందుకని భయపడుతూనే నిలబడ్డారు. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా ఆయన అప్పటికే అక్కడ ఉండేవారు. తండ్రీ కొడుకులిద్దరూ పక్కపక్కన నిలబడి, రానిదాని కోసం చూసేవారు. ఓసారి యాజులుగారు ఓరగా కిందికి చూశారు. తండ్రిగారి పాదాల దగ్గర నేల పొడిగా ఉంది. ఎప్పుడు చూసినా పొడిగానే ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటే, ఏవని చెప్తారు? ఆస్పత్రిలో డాక్టరు కుర్రాడు ఇంచుమించు తనకి కొడుకయ్యే ఈడువాడు. వేడి చేసిందనుకుని సబ్జాగింజల నీళ్లు తాగారు. లోపలికెళ్లినవి లోపలే ఉండిపోయాయి.

ఆ ఏడు తద్దినం నాడు పొద్దుట్నించీ చుక్క రాలేదు. సాయంత్రం భజనకి హాలు నిండిపోయింది. మేష్టారు ఆయన్ని ఫొటో పక్కనే పీటేసి కూచోబెట్టారు. పొత్తికడుపు డోలులా బిగిసింది. ఒళ్లంతా చెమట్లు.

"తేజస్సు చూశారా!" అన్నారెవరో.

మేష్టారు ఆ పొట్టకేసి చూశారు. "కుంభకం! అచ్చం తండ్రిగారిలాగే!" అన్నారు.

జనం లేచి దండాలు పెట్టారు. అప్పుడు యాజులుగారు తలెత్తి చూస్తే, దొడ్డిగుమ్మంలో తండ్రిగారు నిలబడి ఉన్నారు. మొదటిసారి మొహం ఇటు తిరిగి ఉంది. పంచె పైన పొట్ట డోలులా ఉంది. అది యోగి మొహం కాదు. ఎవరైనా ఒక్కమాట అడుగుతారేమోనని చూసే మొహం.

యాజులుగారు జంధ్యం చెవినుండగానే నోరు విప్పారు.

"కుంభకం కాదు. ఉచ్చ. పొద్దుట్నించీ రావట్లేదు. చచ్చిపోతున్నాను."

కంజీరా రెండు దెబ్బలు ఎక్కువ మోగి ఆగింది.

"అపచారం! జంధ్యం చెవినుండగా మాటా?" అన్నారు మేష్టారు.

"మీ అపచారం తగలెయ్య! ముందు రిక్షా పిలవండి, బేగి!" అని అరిచారు బాలాంబగారు.

ఆస్పత్రిలో డాక్టరు రబ్బరు గొట్టం వేశాడు. బేసిను తెచ్చారు, చాలక ఇంకోటి తెచ్చారు. యాజులుగారు పసిపిల్లాళ్లా ఏడ్చారు.

"ఇది జబ్బే గానీ సిగ్గుపడాల్సిందేం కాదండీ," అన్నాడు డాక్టరు. "మూత్రసంచి కింద ప్రోస్టేటని వక్కకాయంత గ్రంథి ఉంటుంది. మూత్రం గొట్టం దాని మధ్యలోంచే వస్తుంది. వయసొచ్చిన మగాళ్లలో అది నిమ్మకాయంతై గొట్టాన్ని నొక్కేస్తుంది. సంచి పూర్తిగా ఖాళీ అవదు, అందుకే మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది. చాలామందిలో ఇది కేన్సరు కాదు, అయినా పరీక్ష చేసి చూడాలి. ఇలా లోపలే ఉండిపోతే మాత్రం కిడ్నీలు పోతాయి. విశాఖపట్నం వెళ్లి ఆపరేషను చేయించుకోండి."

"మా నాన్నగారికీ పొట్ట ఇలాగే..." అన్నారు యాజులుగారు.

"గొట్టం వేయించారా?"

"కొబ్బరికాయలు కొట్టామండి."

డాక్టరు చీటీ రాస్తూ తలెత్తలేదు.

"అప్పట్లో ఉందా బాబూ, ఈ ఆపరేషను?"

"ఉందండి."

ఆపరేషను బాగా జరిగింది. ఎమర్జెన్సీ పోయి ఏడాదైనా కాలేదేమో, ఆపరేషననగానే వీధిలో సగంమంది కుటుంబనియంత్రణ అనుకున్నారు. ఈ వయసులో ఎవరు పట్టుకుపోయారండీ అని జాలిపడ్డారు. సోమసుందరం మేష్టారు ఓరోజు సందులోంచి వచ్చి, గొంతు తగ్గించి, ఆ విశాఖపట్నం డాక్టరు పేరడిగారు. తనకి కాదట, పాయకరావుపేటలో బావమరిదికట. అడిగి, బేగి బేగి ఇంటికెళ్లిపోయారు. దొడ్డితలుపేసిన చప్పుడు రెండిళ్లవతలకి వినిపించింది.

గాయం మానాక యాజులుగారు దొడ్లోకి వెళ్లారు. తండ్రిగారు అక్కడే ఉన్నారు, గోడకేసి. ఈసారి యాజులుగారికి ధారగా, చప్పుడుతో వచ్చింది. ఆ చప్పుడుకి ఆయనకే సిగ్గేసింది, పస్తున్నవాడి పక్కన కూచుని విందు తింటున్నట్టు.

"నాన్నగారూ, దీనికి ఆపరేషనుందిటండి," అన్నారు. "అప్పుడూ ఉందిట."

గోడకేసి చూస్తూనే, ఏళ్ల తరబడి వాడని గొంతుతో, "నన్నెవరూ అడగలేదురా," అన్నారాయన.

వంటింట్లోంచి కేక వినపడింది. "ఏవండీ, అయిందా?"

"నాకయిందే," అన్నారు యాజులుగారు. అని, అక్కడే నిలబడ్డారు.