తిరగేసి వినాల్సిన మాస్టారు

నా నోటి గురించి నేనే ముందు చెప్పేస్తాను. ఇంకొకరు చెప్పగా వింటే మీకు నవ్వాగదు, నాకు ఒళ్ళు మండుతుంది.

కొత్తపేట బస్టాండు చుట్టుపక్కల ఎవరు కొత్త ఫోను కొనాలన్నా ముందు నా దగ్గరికే వస్తారు. "మాస్టారూ, ఇది తీసుకోమంటారాండీ?" అని అడుగుతారు. నేను కళ్ళజోడు సవరించుకుని, డబ్బా మీది చీమకాళ్ళ అక్షరాలన్నీ చదివి, అరగంట ఉపన్యాసం దంచి, "వద్దు" అంటాను. వాళ్ళు భక్తిగా తలూపి, తిన్నగా వెళ్ళి అదే కొనుక్కుంటారు. పొరపాటున "భేషుగ్గా ఉంది, తీసుకోండి" అన్నానా, ముఖాలు వేలాడేసుకుని డబ్బా షాపులో తిరిగిచ్చేస్తారు.

కొబ్బరికాయల వ్యాపారి ముత్యాలరాజు గారికైతే ఆపాటి మొహమాటం కూడా లేదు. "శివశంకర్ గారు కాదన్నారా? అయితే రెండు తెప్పించవయ్యా" అని నా ఎదురుగానే గుమాస్తాకి పురమాయించేరు.

ఊరిని తిట్టుకుని లాభం లేదు, నా చరిత్ర అలా ఏడిసింది. కంప్యూటర్లు వస్తున్న రోజుల్లో నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. కరెంటు పోతే పనిచెయ్యని మిషను కోనసీమలో ఎన్నాళ్ళు బతుకుతుందని సవాలు చేసి, సరిగ్గా అప్పుడే అరడజను కొత్త టైపు మిషన్లు తెప్పించాను. వాటిలో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో పనిచేస్తోంది. గాలికి పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం.

టచ్ ఫోన్లు వచ్చినప్పుడు, కొబ్బరి నూనె అంటిన వేళ్ళకి అద్దం మీద నొక్కుళ్ళేమిటి, ఆరు నెలల్లో మళ్ళీ బొత్తాల ఫోన్లే అన్నాను. టీకొట్టు నూకరాజు గోడకి స్కాన్ చేసే అట్ట అంటిస్తుంటే, "ఎందుకయ్యా, బొద్దింకలకి మేత" అన్నాను. ఇప్పుడు ఆ కొట్లో ఓ చిన్న పెట్టె ఎవరు ఎంత పంపారో పొద్దస్తమానూ అరుస్తూ ఉంటుంది. అది అరిచినప్పుడల్లా నూకరాజు నాకేసి చూసి, "బొద్దింక కూసిందండి" అంటాడు.

ఇంతటితో బుద్ధి రావాలి కదా? రాలేదు. ప్రతి ఉగాదికీ పంతులుగారు గుళ్ళో పంచాంగం చదివాక, నేను నూకరాజు కొట్లో బెంచీ ఎక్కి నా పంచాంగం చదివేవాణ్ణి. ఏ ఫోను మునుగుతుంది, ఏ యాప్ తేలుతుంది, ఏ కంపెనీకి రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత. ఆఖర్న మాత్రం ఏటా ఒకటే మాట: "వచ్చే ఉగాదికి ప్రతి బల్ల మీదా లైనక్సే!" లైనక్స్ అంటే ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి పదిమందికీ పంచొచ్చు. నాకు అదంటే పిచ్చి. ఇరవై ఉగాదులు గడిచాయి. కొత్తపేటలో లైనక్స్ ఉన్నవి రెండే బల్లలు, రెండూ నా షాపులోవే.

ఆ రెండో బల్ల రత్నానిది.

రత్నం పదకొండేళ్ళ కిందట ముక్తేశ్వరం నుంచి కంప్యూటర్ మీద టైపు నేర్చుకోడానికి వచ్చి, ఇన్‌స్టిట్యూట్ మూసేసి నేను పెట్టిన డీటీపీ షాపులోనే పనికి కుదిరింది. పెళ్ళి శుభలేఖలు, అర్జీలు, దినం కార్డులు, గృహప్రవేశాలు, అన్నీ ఆ అమ్మాయి వేళ్ళ మీదే నడిచాయి. షాపు పేరు నాది, నోరు నాది, పని రత్నానిది. మిగతా షాపులవాళ్ళందరూ వాడే సాఫ్ట్‌వేరు తనకి రాదు, నేను నేర్పలేదు. "కొనుక్కునే సరుకు నేర్చుకుంటే వాళ్ళకి బానిసలమవుతాం" అని చెప్పాను. "ఆయ్" అంది.

ఫోనులో కూడా అంతే. ఊరంతా వాట్సప్ వాడుతుంటే, నేను సిద్ధాంతం కొద్దీ ఎవరికీ తెలియని ఓ ఉచిత యాప్ పెట్టుకున్నాను. అందులో నాతో మాట్లాడేవాళ్ళు ఇద్దరే. ఒకరు మా ఆవిడ భవానీదేవి, అదీ నేను బతిమాలగా బతిమాలగా. రెండోది రత్నం, నేను ఒక్కసారి చెప్పగానే.

పోయిన శ్రావణం ముందు ఒక మధ్యాహ్నం, వాన పడుతుంటే, రత్నం చేస్తున్న పని ఆపేసి కుర్చీ నావైపు తిప్పుకుంది.

"మాస్టారండీ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలండి."

"అడుగమ్మా."

"ఈ టైపింగు పని ఇంకో అయిదేళ్ళు ఉంటుందాండీ?"

ఎందుకడిగిందో నాకు తెలుసు. అంతకు ముందు వారంలో ముగ్గురు శుభలేఖల వాళ్ళు ఫోను పట్టుకొచ్చి, "అంతా దీన్లోనే రాయించేసేమండి, మీరు ప్రింటు తియ్యండి చాలు" అన్నారు. ఇప్పుడు ఫోనుకి నోటితో చెబితే అర్జీ అదే రాసిపెడుతోంది, పెళ్ళికార్డుకి బొమ్మ అదే వేస్తోంది.

"మా పెద్దమ్మ కూతురు కువైట్‌లో ఉంది కదండీ. ఓ ఇంట్లో ముసలావిడని చూసుకునే పనుందంట, వీసా తెప్పిస్తానంటోంది. శనివారంలోగా చెప్పాలండి. ఈ పని ఉంటుందంటే నేను కదలనండి. చిన్నదానికి ఇంకా ఏడేళ్ళే కదా. పోతుందంటే మాత్రం ఇప్పుడే వెళ్ళడం నయమండి. ఆయన ఆటో ఒక్కదాని మీద ఇద్దరు పిల్లల చదువులంటే కష్టమండి."

ఇక్కడ నా బుర్ర ఎంత గొప్పగా పనిచేసిందో వినండి. రత్నం వెళ్ళిపోతే నా షాపు వారం నిలవదు. అది పోనివ్వండి, పదకొండేళ్ళు ఎదురుబల్ల దగ్గర కూర్చున్న పిల్ల లేకుండా ఆ షాపు తెరవడం నా వల్ల కాదు. ఎలాగైనా ఆపాలి. "ఉంటుందమ్మా, యాభయ్యేళ్ళుంటుంది" అందామని నోరు తెరిచాను. తెరిచి, టక్కున మూసేశాను. ఈ ఊళ్ళో నా మాట ఎలా వింటారు? తిరగేసి కదా! ఉంటుందని నేనన్నానంటే పోతుందని లెక్క. రేపు పొద్దున్నే విమానం ఎక్కేస్తుంది. ఉగాది పంచాంగానికి అందరితోపాటు తనూ నవ్వేది కదా, ఆ లెక్క తెలియకుండా ఉంటుందా?

కాబట్టి గొంతు సవరించుకున్నాను.

"లేదమ్మా. రెండేళ్ళు. మహా అయితే మూడు. ఆ తర్వాత టైపింగు అనే మాటే వినపడదు. ఇది రాసిపెట్టుకో."

"అంతేనంటారాండీ?"

"అంతే!" అని బల్ల గుద్దాను కూడా.

"ఆయ్" అంది. కుర్చీ తిప్పుకుని, సగంలో ఆపిన శుభలేఖ పూర్తి చేసింది.

ఆ సాయంత్రం నేను నూకరాజు కొట్లో రెండు టీలు తాగాను. జీవితంలో మొదటిసారి నా అవమానాన్ని పనికొచ్చేలా వాడుకున్నానని మీసం కింద నవ్వుకున్నాను. మీసం లేదు గానీ, ఉంటే దానికిందే నవ్వేవాణ్ణి.

మర్నాడు రత్నం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పొద్దున్నే దాని మొగుడు సురేష్ ఆటో షాపు ముందు ఆపి దిగాడు. ముఖంలో నిద్ర లేదు.

"రత్నం ఇంక రాదండి మాస్టారూ. మొన్న రాజోలెళ్ళి ఏజెంటు గారికి పాస్‌పోర్టు ఇచ్చేసి వచ్చేమండి."

"ఎందుకిచ్చేరయ్యా?" అన్నాను.

"మీరే కదండీ చెప్పేరంట! నేను వద్దంటే వద్దన్నానండి. పిల్లలు ఏడుస్తారే అన్నాను. మాస్టారు బల్ల గుద్ది చెప్పేరు, ఆయన నాకు తప్పు చెప్పరు అందండి."

వాడు వెళ్ళాక షట్టరు సగం దించి ఇంటికెళ్ళాను. భవానీ పప్పు తాలింపు పెడుతోంది. జరిగిందంతా చెప్పాను. గరిటె పట్టుకునే ఇటు తిరిగింది.

"మీ తెలివి తగలెయ్య! ఇద్దరు పిల్లల తల్లి దేశం దాటిపోయే సంగతండీ ఇది! మీ టచ్ ఫోననుకున్నారా, బొత్తాల ఫోననుకున్నారా? ఉన్నది ఉన్నట్టు చెబితే మీ సొమ్మేం పోయింది?"

"ఉన్నది చెబితే తిరగేసుకుంటుందని..."

"ఆ పిల్ల ఎప్పుడైనా మీ మాట తిరగేసుకుందా? ఆ దిక్కుమాలిన యాప్ ఊళ్ళో ఎవరు పెట్టుకున్నారు మీరు చెబితే? కట్టుకున్న దాన్ని, నేనే పెట్టుకోనన్నాను! నడవండి, ముందెళ్ళి నిజం చెప్పండి."

నేను అన్నం కూడా తినకుండా బండి తీశాను. ముక్తేశ్వరం వెళ్ళేదాకా దారిలో ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగింట్లోనూ తప్పు నాది కాకుండానే ఉంది.

రత్నం ఇంట్లో పొయ్యి దగ్గర ఉంది. పెద్దపిల్ల పక్కన నిలబడి గిన్నెలో నీళ్ళు కొలుస్తోంది. అది ఇంటర్ మొదటేడు.

"నీళ్ళు వేలి కణుపు దాకా వస్తే చాలు. నాన్న మెత్తగా తినరు. చెల్లికి మాత్రం ఇంకాస్త ఉడకనియ్యి, దానికి అరగదు," అని రత్నం చెబుతోంది. చిన్నపిల్ల గుమ్మంలో కూర్చుని, తల్లి సగం అల్లి వదిలిన జడ పట్టుకుని, మిగతా సగం అక్క వేస్తుందని ఎదురుచూస్తోంది. అక్కకి ఇంకా జడ వెయ్యడం చేతకాదట.

అది చూసేసరికి నా నాలుగు రకాలూ గాలికి పోయాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

"రత్నం, నీతో నేను అబద్ధం చెప్పానమ్మా," అన్నాను.

కుర్చీ వేసింది. కూర్చోలేదు నేను. అంతా చెప్పాను. ఊరు నా మాట తిరగేసుకుంటుంది కాబట్టి తనూ అలాగే చేస్తుందనుకున్నానని, తను ఉండిపోవాలనే పోతుందని చెప్పానని. చెబుతుంటే నాకే ఎంత వెధవ పనిగా వినిపించిందో! పెద్దపిల్ల ఫక్కున నవ్వి, తల్లి ముఖం చూసి ఆపేసింది.

రత్నం పొయ్యి మంట తగ్గించింది.

"ఊరంతా తిరగేసుకుంటారని నాకూ తెలుసండి. నేను తిరగేసుకోనని మీకు తెలీదాండి?"

నేను కళ్ళజోడు సవరించుకున్నాను.

"పదకొండేళ్ళండి. మీరు ఇదే నేర్చుకోమన్నారు, నేర్చుకున్నాను. ఆ ఎదర డీటీపీ షాపాయన అప్పట్లోనే ఎక్కువిస్తాను రమ్మన్నారండి, ఆ సాఫ్ట్‌వేరు నాకు రాదని చెప్పేను. ఫోన్లో ఆ యాప్ పెట్టుకుంటే మా చుట్టాలంతా నవ్వేరండి. మాస్టారు చెప్పేరు, ఏదో మంచికే అయ్యుంటుందని ఊరుకున్నాను. మీ పంచాంగానికి నవ్వేనంటే, అందరూ నవ్వితే నవ్వేనండి. మీ మాట మీద కాదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే బావుండదని అలాగే నిలబడ్డాను.

"సరేనండి. ఇప్పుడైనా నిజం చెప్పండి. ఈ పని ఉంటుందాండీ, పోతుందాండీ?"

ఉంటుందని నోటిదాకా వచ్చింది. అది చెబితే ఆగిపోతుంది, నాకు తెలుసు. కానీ అది నిజమో కాదో నాకెలా తెలుసు? టైపు మిషన్లు కొన్నప్పుడు తెలుసా? బొద్దింకల మేత అన్నప్పుడు తెలుసా? ఇన్నేళ్ళూ నాకేదో తెలుసనుకుని బెంచీలెక్కి అరిచాను గానీ, ఒక్క ముక్క తెలిసి చెప్పలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాను. ఈ మాట నా నోట రావడం అదే మొదలు.

రత్నం ఫోను అందుకుంది.

"ఈ మాట మొన్ననే అనుంటే, నా బుర్రతో నేనే ఆలోచించుకునేదాన్ని కదండీ."

సురేష్‌కి ఫోను చేసింది. "ఆటో రాజోలు తిప్పండి. పాస్‌పోర్టు వెనక్కి తెచ్చెయ్యండి. నేను వెళ్ళట్లేదు. పోతుందో లేదో ఎవరికీ తెలీని పని కోసం పిల్లల్ని వదిలి పోలేను," అంది. గుమ్మంలో చిన్నది గభాలున లేచి వచ్చి తల్లి నడుం పట్టుకుంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే రేపు కాస్త తొందరగా రామ్మా, ఆలమూరు వాళ్ళ శుభలేఖలు ఉండిపోయాయి," అన్నాను. సిగ్గు ఉండాలి కదా మనిషికి!

"రేపట్నుంచి రానండి మాస్టారూ. ఏమీ అనుకోకండి. మీరంటే నాకు కోపం లేదండి. ఇంక మీరేం చెప్పినా, అది తిన్నగా వినాలో తిరగేసి వినాలో నాకు తెలీదు కదండీ." ఆ మాట ఎంత మర్యాదగా అందంటే, తిట్టినా అంత తగిలేది కాదు.

ఇప్పుడు తను ఎదర షాపులో చేస్తోంది. కొత్త సాఫ్ట్‌వేరు పది రోజుల్లో పట్టేసిందట. జనం ఫోన్లో రాయించుకొచ్చిన పెళ్ళికార్డుల్లో ఆ ఫోను వరుడి అత్తగారి పేరు ముందు చిరంజీవి అని చేర్చేస్తుంటే, బతికున్న మేనమామల్ని చనిపోయినవాళ్ళలో కలిపేస్తుంటే, అవన్నీ దిద్దడానికి రత్నమే కావాలంటున్నారు. పని పోలేదు, ఉన్నట్టూ లేదు, ఇంకోలా అయిపోయింది. ఆ సంగతి నా పంచాంగంలోనూ లేదు, దాన్ని తిరగేసినా లేదు.

నేను మాత్రం ఇక బెంచీ ఎక్కనని ఒట్టేసుకున్నాను. నన్ను ఏ ఫోను గురించి అడిగినా తెలీదంటున్నాను. ముత్యాలరాజు గారికి దిక్కు తోచడం లేదు. "ఇలాగైతే మేం ఏది చూసి కొనుక్కోవాలండీ?" అని మొన్న నిజంగానే విసుక్కున్నారు.

ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు చెబుతాను. నూకరాజు టీ గ్లాసు చేతికిస్తూ, ఎదర షాపుకేసి చూసి, "రత్నం మళ్ళీ మీ షాపుకొస్తుందంటారా మాస్టారూ?" అని అడుగుతాడు. "రాదు. ఛస్తే రాదు," అని ఊరంతా వినేలా అరుస్తాను. ఊరి లెక్క ప్రకారం నేను రాదంటే రావాలి. రోజూ అరుస్తున్నాను. నాలుగు నెలలైంది. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పినవాటిలో ఇదొక్కటే నిజమవుతోంది.