చుక్క ఎక్కువున్నా మీసం తీసేస్తా

“ఇందులో ఏసీ వేసుకునే కంటే నా మీద నేనే ఉఫ్ఫని ఊదుకుంటే నయంరా,” అంటూ అత్త కారు తలుపు దభీమని వేసింది.

మా నాన్న మెకానిక్కు. అత్త ఆయనకు సొంత అక్క. ఆమె కారు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది. నాన్న మీసం ఇంకా పెద్దది. షెడ్డుకు వచ్చినవాళ్ళకు ముందు మీసం కనిపిస్తుంది, వెనకాల నాన్న వస్తారు.

“కంప్రెసర్‌లో నూనె తగ్గుంటుందక్కా. ఒక మూత పోస్తే సరి.”

“పోయిన వేసవిలో మూత. అంతకుముందు వేసవిలో మూత. ఆరేళ్ళుగా మూతలే! నాది కారా, నూనె గానుగా? పోసి పోసి ముంచేశావు.”

నాన్న మీసం అదిరింది. “అందులో చుక్క ఎక్కువున్నా, ఇక్కడే, ఇప్పుడే ఈ మీసం తీసేస్తా!”

పక్కనున్న టైర్ల షాపాయన పంక్చరు పని ఆపి, స్టూలు తెచ్చుకుని మరీ కూర్చున్నాడు.

“కొలిచేదెవరు? నువ్వైతే నీ మీసం తరఫునే చెప్తావు,” అంది అత్త.

“నా కూతురు కొలుస్తుంది. ఇంజినీరింగు చదివింది. మా ఇంటావంటా డిగ్రీ కాగితం చూసింది అదొక్కతే. దాని మాటే ఫైనల్.”

నాన్న నన్ను ఇంత గొప్పగా ఏ పనికీ పిలవలేదు. భయం వేసింది.

పద్ధతి ప్రకారమే చేశాను. ఏసీ వేసి పది నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపాను. గ్యాసు ఇటు రాకుండా కంప్రెసర్ దగ్గరున్న రెండు వాల్వులూ మూశాను. నూనె కొలిచే రంధ్రానికున్న బిరడాను మెల్లగా వదులు చేస్తే, లోపల మిగిలిన కాస్త గ్యాసు బుస్సుమంటూ పోయింది.

“మీ నాన్న పొగరు కూడా ఇలాగే పోతుంది, విను,” అంది అత్త.

నాన్న తన కొలత తీగ ఇచ్చారు. కొన వంచిన సన్నటి తీగ, దాని మీద ఆకురాయితో పెట్టిన గాటు. ఈ కంప్రెసర్‌కు అంగుళం నూనె చాలని కారు పుస్తకంలో ఉంది. గాటు దగ్గర స్కేలు పెట్టి చూశాను. దాదాపు రెండంగుళాలు.

“నాన్నా, ఈ గాటు ఎవరు పెట్టారు?”

“నేనే. పోయిన వేసవిలో. తీగ నూనెలో ఎక్కడిదాకా తడిస్తే అక్కడ పెట్టా.”

“పరీక్ష రాసి, దాన్నిబట్టి ప్రశ్నపత్రం తయారు చేశాడన్నమాట!” అన్నాడు టైర్ల షాపాయన.

తీగను అడుగుకు ఆనేదాకా దించాను. నాన్న నా చెవిలో, “తల్లీ, తీసేటప్పుడు నీ బొటనవేలితో కాస్త తుడిచెయ్యి,” అన్నారు.

నాలుగేళ్ళు నన్ను స్కూటరు మీద కాలేజీలో దింపిన మీసం అది. కానీ ఆ కాలేజీకి పంపింది సరిగ్గా కొలవమనే కదా.

“రెండంగుళాలు,” అన్నాను. “ఎక్కువైన నూనె గ్యాసుతోపాటు తిరిగి, లోపలి పైపులకంతా జిడ్డు పట్టించింది. అందుకే చల్లబడటం లేదు.”

“నేనే చదివించాను,” అని నాన్న టైర్ల షాపాయనతో మొరపెట్టుకున్నారు. తర్వాత కారు పక్క అద్దం ముందు నిలబడి మీసానికి సబ్బు రాసుకున్నారు.

నేను పైపుల్లో ఉన్న గ్యాసంతా గ్యాసు పట్టే మెషీన్‌లోకి లాగి, నూనె తోడి, పైపులు కడిగి, మళ్ళీ అన్నీ కొలత ప్రకారం నింపేసరికి సాయంత్రమైంది. అంతసేపూ నాన్న మూతికి తువ్వాలు కట్టుకునే స్పానర్లు అందించారు.

ఏసీ వేశాం. అత్త అద్దాలెత్తుకుని లోపల కూర్చుంది. రెండు నిమిషాలకే చేతులు కట్టుకుని ముడుచుకుపోయింది. అద్దం కాస్త దించి, “తీయరా ఆ తువ్వాలు,” అంది.

తీశారు. అచ్చం అత్త! అదే పై పెదవి, అదే మూతి విరుపు. అత్త అద్దంలో తనను చూసుకుంది, నాన్నను చూసింది.

“ఇన్నాళ్ళూ నా మొహానికి మీసం తగిలించుకుని ఊరంతా తిరిగావట్రా, దొంగవెధవా!”

అంతలో అమ్మ టీ గ్లాసులతో వచ్చింది. నేరుగా నాన్న దగ్గరకెళ్ళి, మర్యాదగా మొదటి గ్లాసు అందించింది.

“తీసుకోండి వదినా. ఎప్పుడొచ్చారు? మీ తమ్ముడేడీ?”

“ఇందాకే పోయాడు,” అన్నారు నాన్న, పై పెదవి తడుముకుంటూ.