మూడో అధ్యాయం ముట్టుకోకు

‘తేట’ అనేది నీటి పరీక్షల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్. దాని లోపలి రాతను, అంటే కోడ్‌ను, ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దానిని బావా, బావమరిదీ కలిసి తయారు చేశారు. బావ పదవీ విరమణ చేసిన రసాయనవేత్త. బావమరిది ప్రోగ్రాములు రాసేవాడు. ఇద్దరూ మొదటి నుంచీ ఒకే నియమానికి కట్టుబడ్డారు: ఒకరు చేసిన మార్పును రెండోవారు చూసి ఆమోదిస్తే తప్ప అది జనంలోకి వెళ్లకూడదు.

మాన్యువల్ పాతబడిపోయిందనీ, కొత్త వెర్షన్‌కు తగినట్టు సరిదిద్దమనీ బావమరిదే అడిగాడు.

“బొమ్మలు మార్చు, పాత మెనూల పేర్లు తీసెయ్. మూడో అధ్యాయం మాత్రం ముట్టుకోకు బావా. అది నువ్వు రాసింది. వంక పెట్టడానికేం లేదు.”

“నన్ను పొగుడుతున్నావంటే నీకేదో పని పడిందన్నమాట.”

“పనేగా ఇప్పుడు చెప్పింది.”

మాన్యువల్ సరిదిద్దడంలో రసాయనవేత్తకు ఒక పద్ధతి ఉంది. తనకేమీ తెలియదనుకుని ఒక్కో వాక్యమూ చదవడం, అది చెప్పినట్టే చేయడం, వచ్చిన ఫలితాన్ని వాక్యంతో పోల్చడం. భోజనాల బల్లకు ఒక చివర ఆయన కంప్యూటర్ ఉండేది. రెండో చివర భార్య ఉతికిన బట్టలు మడత పెట్టుకునేది. ఆయన పద్ధతికి ఆమె ‘మొద్దు చదువు’ అని పేరు పెట్టింది. “కంప్యూటర్ ఆన్ చేయండి అని రాసుంటే, ఆన్‌లో ఉన్నదాన్ని ఆఫ్ చేసి మరీ ఆన్ చేస్తారు ఈయన,” అని చెల్లెలికి ఫోనులో చెప్పి నవ్వేది.

మొద్దు చదువుకు మినహాయింపులు లేవు కనుక ఆయన మూడో అధ్యాయమూ చదివాడు. ఒకప్పుడు ఎంతో గర్వంగా రాసుకున్న వాక్యం అందులో ఉంది: ‘మీరు ఇచ్చిన ఏ కొలతనూ తేట మీకు చెప్పకుండా వదిలివేయదు.’

పరీక్ష కోసం ఒక కుళాయికి కల్పిత కొలతలు ఇచ్చాడు. అన్నీ మామూలువే, ఒక్కదానిలో మాత్రం సీసం విపరీతంగా ఉంది. ఫలితం వచ్చింది: నీరు సురక్షితం. ఆ పెద్ద కొలత లెక్కలోకి రాలేదు. రాలేదన్న మాట కూడా ఎక్కడా లేదు.

ముందు తన కళ్లను అనుమానించాడు, అద్దాలు తుడుచుకున్నాడు. తరువాత తాను టైపు చేసిన అంకెలను అనుమానించాడు. వేరే కొలతలు, వేరే కంప్యూటర్. ఫలితం మారలేదు. మనుషులను అనుమానించడం ఆయన పద్ధతిలో ఆఖరి మెట్టు.

పాత గొట్టాలలోంచి సీసం రోజంతా ఒకేలా దిగదు. కదలకుండా నిలిచిన నీటిలో ఒక్కసారిగా పెరిగి, కుళాయి కాసేపు తిప్పి ఉంచితే తగ్గిపోతుంది. ఆ ఒక్క పెద్ద కొలతను పట్టుకోవడానికే తేట పుట్టింది. దాని మాట నమ్మి ఎవరెవరు తమ పిల్లలకు ఏ నీళ్లు తాగిస్తున్నారో ఆయనకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ ఎవరు చేశారో, ఎవరు ఆమోదించారో అందరికీ కనబడుతుంది. వెతికాడు. చేసినవాడు బావమరిది. మార్పుకు పెట్టిన పేరు ‘చిన్న సర్దుబాట్లు’. ఆమోదించినవారి చోట తన పేరే ఉంది.

తేదీ చూపించి భార్యను అడిగాడు.

“మీ కంటి ఆపరేషనప్పుడు కదూ,” అందామె. “కట్టు కట్టుకుని పడుకున్నారు. తెర వైపు చూడొద్దన్నాడు డాక్టరు.”

“మరి నా పనులు?”

“మా తమ్ముడేగా చూసింది. పాస్‌వర్డ్ మీరే చెప్పారు, నేనిక్కడే ఉన్నాను.” ఆ మాట అంటూనే ఆమె చేతిలోని దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

కబురు అందుకుని బావమరిది వచ్చాడు. తెర వైపు ఒకసారి చూసి కూర్చున్నాడు.

“మూడోది ముట్టుకోవద్దన్నానుగా.”

“మొద్దువాణ్ని కదా. ముట్టుకున్నాను.”

“వాడేవాళ్లు గోల పెట్టారు బావా. ఒక్క పిచ్చి అంకెకి గ్రాఫులో గీత ఆకాశానికి ఎగురుతోందన్నారు. చాలావరకు అవి పరికరం తప్పులే.”

“చాలావరకంటే ఎంత? చూశావా?”

బావమరిది కుర్చీని బల్లకు దగ్గరగా లాక్కున్నాడు.

“నన్ను అడగొచ్చుగా?”

“అడిగితే ఒప్పుకునేవాడివా?”

“ఒప్పుకునేవాణ్ని కాదు.”

“అందుకే అడగలేదు.”

కూడిక చెప్పినంత మామూలుగా చెప్పాడు.

“మరి ఇప్పుడు నాచేత సరిదిద్దించడం దేనికి?”

“నువ్వు సరిచూశావంటే ఇంకెవరూ చూడరు.”

“కళ్లు కనబడనప్పుడు నిన్ను నమ్మార్రా ఆయన,” అంది అక్క, తల ఎత్తకుండా.

“సరే అక్కా, తప్పే. ఇప్పుడా వాక్యం మార్చేద్దాం. పెద్ద కొలతలు వదిలేస్తుందని రాస్తే సరి, మాన్యువల్ సాఫ్ట్‌వేర్‌తో కలిసిపోతుంది.”

“ఇకమీదట చదివేవాళ్లకి సరే. ఇన్నాళ్లూ నమ్మినవాళ్ల సంగతి?” అన్నాడు బావ.

రసాయనవేత్త తన వాక్యాన్ని మార్చలేదు. బావమరిది చేసిన మార్పును తీసేసి, సాఫ్ట్‌వేర్‌నే వాక్యానికి తగినట్టు మార్చాడు. మాన్యువల్ మొదటి పేజీలో, అన్నిటికంటే పైన రాశాడు: ‘గత కొన్ని వెర్షన్లలో తేట పెద్ద కొలతలను చెప్పకుండా వదిలివేసింది. ఆ ఫలితాలను నమ్మవద్దు. పాత కొలతలతో మళ్లీ లెక్క కట్టండి.’ పంపాడు. నియమం ప్రకారం అది బావమరిది ఆమోదం కోసం ఆగింది.

“నేను ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోకు. ఆమోదం రాలేదన్న గుర్తుతో అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఎవరి దగ్గర ఆగిందో కూడా కనబడుతుంది.”

ఆ తరువాత ఆయన పాస్‌వర్డ్ మార్చే పేజీ తెరిచాడు. వేళ్లు కీల మీద ఆగాయి.

“కాస్త అటు తిరుగు.”

“ఏంటి బావా?”

“పాస్‌వర్డ్ మారుస్తున్నాను. అటు తిరుగు.”

బావమరిది అక్క వైపు చూశాడు. ఆమె దుప్పటి మడత పెడుతూనే ఉంది. అతను కుర్చీని గోడ వైపుకు తిప్పుకున్నాడు. పాత పాస్‌వర్డ్ బావమరిది చిన్ననాటి ముద్దుపేరు. దానిని ఆఖరుసారి టైపు చేసి, రసాయనవేత్త కొత్తది పెట్టాడు.

గోడ వైపు తిరిగి ఉండగానే బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు. కొద్దిసేపటికి తెర మీద గుర్తు మారింది: ఆమోదించబడింది. రసాయనవేత్త దానిని చూశాడు, పేజీని మళ్లీ తెరిచి మరోసారి చూశాడు. హెచ్చరిక మొదటి పేజీలోకి వచ్చింది.

ఇక ఇటు తిరగమని మాత్రం ఆయన అనలేదు.